రైలు పట్టా మారిస్తే ఏ పద్దు?

“మరమ్మతుకీ పెట్టుబడికీ తేడా మీ వైపు నేర్పరా?” పాత అమెరికా రైలు కంపెనీ లెక్కల మీద నేనిచ్చిన పట్టిక చూసి ఇక్కడ అమెరికాలో మా ఆఫీసులో పెద్దాయన అన్న మాట ఇది. పట్టికలో తప్పుంది, ఒప్పుకుంటాను. 1907 తర్వాత ఆ కంపెనీ ఖర్చు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తే, యాజమాన్యం పొదుపు నేర్చిందని రాసేశాను. కానీ “మీ వైపు” అన్నదే మింగుడుపడలేదు.

గోదావరి డెల్టాలో ఈ తేడా తెలియని రైతు ఉంటాడా? ఎండాకాలం కాలువ కట్టేశాక పూడిక తీయడం ఒక లెక్క, గట్టు ఎత్తుచేసి కొత్త లాకు కట్టడం ఇంకో లెక్క. పూడిక ఒక ఏడాది మానేస్తే డబ్బు మిగిలినట్టే ఉంటుంది. నిజంగా ఎంత మిగిలిందో సార్వాకి శివారు చేలకు నీళ్లెక్కనప్పుడు తెలుస్తుంది. రైలు కంపెనీ లెక్కల్లో చిక్కంతా ఇదే.

ఆ లెక్కల్లో అందరూ ముందు వెతికేది ఆపరేటింగ్ రేషియో, అంటే రాబడిలో నిర్వహణ ఖర్చు ఎంత శాతమన్నది. రాబడి దాచడం కష్టం. ఖర్చులో మాత్రం దారి మరమ్మతు, ఇంజన్లూ పెట్టెల మరమ్మతు అనే రెండు పద్దుల్ని ఎటు కావాలంటే అటు వంచొచ్చు. బొగ్గు, డ్రైవర్ల జీతాలు రవాణా పద్దులో పడతాయి. బండి నడిస్తే అవి తప్పవు. మరమ్మతు అలా కాదు, వాయిదా వేయొచ్చు.

ఒక మైలు దారి తీసుకుందాం. గజానికి 60 పౌన్ల పాత పట్టాలు తీసి 85 పౌన్లవి వేశారు. మైలుకి 1,760 గజాలు, రెండు వరసలు. పాత బరువు 2,11,200 పౌన్లు, కొత్తది 2,99,200. 1901 నుంచి చాలా ఏళ్లు అమెరికాలో ఉక్కు పట్టా ధర టన్ను 28 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. ఆ టన్ను 2,240 పౌన్ల పెద్ద టన్ను. ఆ లెక్కన కొత్త పట్టాలకి 3,740 డాలర్లు, పాత బరువువే మళ్లీ వేసుంటే 2,640. ఆ 2,640 మరమ్మతు ఖర్చు; పైన 1,100 పెట్టుబడి. తీసిన పట్టాలు తుక్కుకి అమ్మితే వచ్చింది ఖర్చులోంచి తగ్గించాలి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది: సరుకు రవాణా లెక్కలు 2,000 పౌన్ల చిన్న టన్నుల్లో ఉంటాయి. అది చూసి పట్టాలకీ అదే టన్ను వాడితే ధర 4,188 దాటుతుంది, అంటే 12 శాతం తప్పు.

అసలు సంగతేమిటంటే, 1907కి ముందు ఆ 1,100ని ఎటు రాయాలన్నది చాలావరకు కంపెనీ ఇష్టం. బాగా లాభాలొచ్చిన ఏడాది మొత్తం 3,740నీ ఖర్చులో రాస్తే లాభం తక్కువగా కనిపిస్తుంది, చార్జీలు తగ్గించమని ఎవరూ అడగరు. డివిడెండుకి డబ్బు చాలని ఏడాది 2,640ని కూడా పెట్టుబడిలోకి తోసేయొచ్చు. 1906 నాటి హెప్‌బర్న్ చట్టంతో, రైలు కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్‌కి అధికారం వచ్చి, 1907 జులై 1 నుంచి అన్ని కంపెనీలకీ ఒకే రకం పద్దులు పెట్టింది. నేను పట్టిక వేసిన కంపెనీ అంతకుముందు అభివృద్ధి పనుల్ని కూడా ఖర్చులోనే రాసుకునేది. 1907 తర్వాత అవి పెట్టుబడిలోకి వెళ్లాయి. పొదుపు లేదు, ఏమీ లేదు.

కాబట్టి రేషియో చూసే ముందు స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే కర్ర దిమ్మలు, లెక్కపెట్టాలి. రెండడుగులకొకటి చొప్పున మైలుకి 2,640. ఎనిమిదేళ్లు మన్నే కర్ర అయితే ఏటా మైలుకి 330 మార్చాలి. నివేదికలో 200 మాత్రమే ఉంటే, ఆ ఏడాది రేషియో ఎంత అందంగా ఉన్నా పూడిక తీయని కాలువే అది.

తేదీలు కూడా మోసం చేస్తాయి. కమిషన్ సంవత్సరం 1916 దాకా జూన్ 30న ముగిసేది, తర్వాత డిసెంబర్ 31కి మారింది. వాటాదారులకిచ్చే నివేదికలకి ఒక్కో కంపెనీ సంవత్సరం ఒక్కోలా ఉంటుంది. 1917 డిసెంబర్ ఆఖరు నుంచి 1920 మార్చి 1 దాకా రైళ్లు ప్రభుత్వ చేతిలో ఉన్నాయి, కంపెనీ పుస్తకంలో కనిపించేది ప్రభుత్వమిచ్చిన పరిహారం. అక్కడ గ్రాఫు తెంచేయాలి.

ఇక “మీ వైపు” సంగతి. 1849 నుంచి ఇండియాలో రైలు కంపెనీలకి పెట్టుబడి మీద 5 శాతం గ్యారంటీ ఇచ్చారు. రాబడి చాలకపోతే తక్కువైంది మన ఖజానా పూడ్చాలి. పెట్టుబడి పెంచినకొద్దీ వడ్డీ ఖాయం, అదుపుగా ఖర్చు పెట్టినవాడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ లోటు పూడ్చిన ఖజానాలో డెల్టా రైతు శిస్తూ ఉంది. అదే కాలంలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువల మీద పడవలు నడిచేవి. రైళ్ల కంటే నీటి దారులు చవకని కాటన్ దొర వాదిస్తూనే ఉన్నాడు. ఆ వాదం విన్న నేల మీద పుట్టినవాళ్లకి మరమ్మతు, పెట్టుబడి వేరని ఒకరు నేర్పక్కర్లేదు. నాకు తెలియనిది ఆ తేడా కాదు, ఆ తేడాని అమెరికా కంపెనీలు ఏ పుస్తకంలో ఏ గడిలో దాచేవో అది.

ఇక్కడివాళ్లని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. షికాగోలో న్యూబెర్రీ లైబ్రరీలో బర్లింగ్టన్, ఇల్లినాయ్ సెంట్రల్ కంపెనీల పాత కాగితాలున్నాయి, డెలావేర్‌లో హాగ్లీలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌వి ఉన్నాయి. అలాంటి చోట్ల పెన్ను తీయకూడదు, పెన్సిలే. వాటాదారులకి చెప్పినదీ కమిషన్‌కి రాసిచ్చినదీ పక్కపక్కన పెట్టుకుంటే, పద్దు ఎక్కడ మారిందో వేలితో చూపించొచ్చు. మన కరణాల లెక్కల కట్టలకీ ఇలాంటి చోటు దొరికుంటే ఎంత బావుండేది.

పట్టిక తిరగరాశాను. 1907 జులై దగ్గర నిలువు గీత. ఎడమవైపు వరసల్లో ఖర్చులోంచి అభివృద్ధి పనుల మొత్తం తీసి పక్క గడిలో వేశాను, ఆ పక్కనే ఏటా మార్చిన స్లీపర్ల సంఖ్య. ఆ గడికి ఇంగ్లీషులో పేరు పెట్టక తప్పలేదు గానీ, నా నోట్‌బుక్‌లో దాని పేరు పూడికతీతే.