వాడి చూస్తే తెలిసింది

ఈ వారం కొత్త ఉద్యోగుల శిక్షణలో మార్కెటింగ్ గురించి మాట్లాడమన్నారు. స్లైడ్ల జోలికి పోకుండా పసుపు రంగు పోస్ట్-ఇట్ కాగితాల కట్టలు తలా ఒకటి ఇచ్చాను. అంటించారు, పీకారు, మళ్లీ అంటించారు. నేను చెప్పాల్సినదాంట్లో సగం అక్కడే అయిపోయింది.

1968లో అమెరికా సంస్థ త్రీఎంలో శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే, అంటీ అంటనట్టుండే జిగురు తయారైంది. ఆయన దాన్ని పారేయలేదు, ఏళ్ల తరబడి సహోద్యోగులకు చూపిస్తూనే ఉన్నారు. చివరికి వారిలో ఒకరైన ఆర్ట్ ఫ్రైకి తన చర్చి పాటల పుస్తకంలోంచి జారిపోయే గుర్తు కాగితాలకు అది సరిపోతుందని తట్టింది. పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్నది ఆ సంస్థ పద్ధతి. నాయకత్వం మీద నేను విన్న ఎన్నో ఉపన్యాసాల కన్నా ఈ ఒక్క పద్ధతే నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

అయినా 1977లో ఆ జిగురు రాసిన కాగితాలను అమెరికాలో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే జనం పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది అక్కడి బోయిసీ నగరంలో ఉచితంగా పంచారు. వాడినవారిలో 90 శాతానికి పైగా కొంటామన్నారు! సరుకు మాత్రం అదే. 1980లో అమెరికా అంతటా విడుదల చేశారు.

"ఉచితంగా పంచడానికి బడ్జెట్ ఎవరిస్తారు?" అని ఒకమ్మాయి సూటిగా అడిగింది. ఎంత మంచి ప్రశ్న! మా తదుపరి నమూనాల పంపిణీ ఆమెకే అప్పగించమని మేనేజరుగారిని కోరాను. ఒప్పుకున్నారు.