గదుల వాళ్లకు పనుంది, ఇంటివాడికి లేదు

మొన్న ఆదివారం నెల్లూరు దగ్గర, కృష్ణపట్నం పోర్టు పక్కనున్న ముత్తుకూరు పోయాను, మా చిన్నాయన ఇంటికి. ఇంటి వెనక ఒకప్పుడు గొడ్లచావిడి ఉండేది, ఇప్పుడు అక్కడ ఆరు రేకుల గదులు. ఒక్కో గదిలో నలుగురు కుర్రాళ్లు, బీహార్ వాళ్లు కొందరు, ఒడిశా వాళ్లు కొందరు. దండెం మీద నీలం యూనిఫారాలు, గడప బయట వరుసగా సేఫ్టీ బూట్లు, ఒక గదిలోంచి భోజ్‌పురి పాట. ఇటు ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు మా తమ్ముడు, చిన్నాయన కొడుకు, మెకానికల్ డిప్లొమా పాసైనవాడు. గదుల వాళ్లందరికీ పనుంది, ఇంటివాడికి లేదు. చిన్నాయన మాత్రం నిమ్మళంగానే ఉన్నాడు. "వాడి జీతం రాకపోతే ఏంరా, అద్దెలు వస్తన్నాయి గదా" అన్నాడు.

ఆ మాట తిరిగి నెల్లూరు వచ్చేదాకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఏ ప్రభుత్వం వచ్చినా పరిశ్రమలకి ఇచ్చేవి దాదాపు ఇవే: చవగ్గా భూమి, పెట్టుబడి మీద సబ్సిడీ, కరెంటు బిల్లులో రాయితీ, కట్టిన రాష్ట్ర జీఎస్టీలో కొంత వెనక్కి. 2025లో విశాఖలో టీసీఎస్‌కి 99 పైసలకే భూమి ఇస్తున్నారంటే రాష్ట్రమంతా నోరెళ్లబెట్టి చూసింది. వీటిని తిట్టడానికి కూర్చోలేదు నేను. కంపెనీ రావడం మంచిదే, రాకపోతే ఏమవుతుందో మెట్ట ఊళ్ల వాళ్లని అడిగితే చెబుతారు. నా గొడవ ఒక్క లెక్కతోనే: వెయ్యి ఉద్యోగాలు వస్తే ఆ ఊళ్లో పనిలేనివాళ్లు వెయ్యిమంది తగ్గిపోతారనే లెక్క. ప్రతి శంకుస్థాపన రోజూ ఇదే లెక్క చెబుతారు, మనమూ తలూపుతాం.

ఊరికి గేటు ఉండదు కదా. ఉద్యోగాలు పడ్డాయన్న వార్త ముత్తుకూరులోనే ఆగిపోదు, రైలెక్కి పాట్నా దాకా పోతుంది. చెన్నైలో చేస్తున్న మనవాళ్లు కూడా సొంతూరికి దగ్గరని వెనక్కి వస్తారు. చిన్నాయన వీధిలోనే ఇద్దరు అట్లా వచ్చి చేరారు, సంతోషమే, కానీ వాళ్లు నిన్నటిదాకా నిరుద్యోగులు కాదు. అమెరికాలో బ్లాంచార్డ్, కాట్జ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1992లో ఇదే విషయం రాష్ట్రాలవారీగా చూశారు. ఒక రాష్ట్రంలో పనులు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, ఐదు నుంచి ఏడేళ్లలో అక్కడి నిరుద్యోగ శాతం మళ్లీ పాత చోటికే చేరుతుంది, ముఖ్యంగా జనం అటూ ఇటూ కదలడం వల్ల. ఉద్యోగాల సంఖ్య మారుతుంది, శాతం మారదు.

ఇంతకంటే ఘోరమైన కథ కెన్యాది. 1964లో అక్కడి ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు: ప్రభుత్వం 15 శాతం, ప్రైవేటు వాళ్లు 10 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి, సంఘాలు జీతాలు పెంచమని అడగకూడదు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఆ కబురు పల్లెలకి చేరగానే పొలాలు వదిలి పట్నాలకి జనం దిగారు, నిరుద్యోగం తగ్గకపోగా సమస్య ఇంకా పెద్దదైంది. తూర్పు ఆఫ్రికా పట్నాల్లో ఇట్లాంటివి చూసే హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లో తమ వ్యాసం రాశారు. వాళ్లు చెప్పింది ఇది: మనిషి పట్నం వచ్చేది అక్కడ ఉద్యోగం ఉందని కాదు, మంచి జీతం దొరికే అవకాశం ఉందని. ఆ అవకాశం కోసం కొన్నాళ్లు ఖాళీగా ఉండటానికి కూడా సిద్ధపడే వస్తాడు. కాబట్టి పట్నంలో ఉద్యోగాలు పెంచితే ఎదురుచూసేవాళ్లు కూడా పెరుగుతారు.

ఇది చదివినప్పుడు నాకు కెన్యా గుర్తుకు రాలేదు, మా తమ్ముడే గుర్తొచ్చాడు. వాడు మూడేళ్ల కింద నెల్లూరులో ఒక సెల్‌ఫోన్ షాపులో చేసేవాడు, నెలకి 11 వేలు. పోర్టు వైపు ఒక ఫ్యాక్టరీలో తీసుకుంటున్నారని తెలిసి షాపు మానేశాడు. తీసుకున్నారు కూడా, కాకపోతే కాంట్రాక్టరు కింద హెల్పర్‌గా, పన్నెండు గంటల షిఫ్టు. నాలుగు నెలలు చేసి వచ్చేశాడు. మళ్లీ షాపుకి పోరా అంటే పోడు. పర్మినెంటు పోస్టు పడితే 25 వేలు వస్తాయంట, దానికోసం కూర్చున్నాడు. వాడిని సోమరిపోతు అనడం తేలిక, చిన్నాయన రోజూ అంటూనే ఉంటాడు. నేననను, వాడి లెక్క వాడికి ఉంది. ఆ ఫ్యాక్టరీ అసలు రాకపోయి ఉంటే వాడు ఇప్పటికీ ఫోన్లు అమ్ముతూ ఉండేవాడు, నిరుద్యోగుల లెక్కలోకే వచ్చేవాడు కాదు.

ఆ లెక్క సంగతి కూడా ఒకటుంది. మన దేశంలో ఉపాధి లెక్కల కోసం కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో నిరుద్యోగి అంటే పనిలేని ప్రతివాడూ కాదు, పని లేక, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాడు. డిగ్రీ చదివి పెళ్లయి ఇంట్లో ఉన్న అమ్మాయి, ఉద్యోగం చేసే ఆలోచనే లేకపోతే, ఆ లెక్కలో లేనే లేదు. వీధి చివరికి కంపెనీ వ్యాన్ రావడం మొదలై "నేనూ చేరతా" అని దరఖాస్తు పెట్టిన రోజు ఆమె నిరుద్యోగి అవుతుంది. నా దృష్టిలో అది శుభవార్తే, కానీ శాతం మాత్రం పైకి పోతుంది!

ఇక రాయితీలు దేనికి ఇస్తున్నారో చూడండి. ఎక్కువ భాగం పెట్టుబడి మీద. ఎన్ని కోట్లు పెడితే అంత సబ్సిడీ, ఎంత కరెంటు వాడితే అంత రాయితీ. మిషను మీద డబ్బులు ఇస్తే కంపెనీ మిషన్లే కొంటుంది, మనుషుల్ని ఎందుకు పెంచుతుంది? పైగా కృష్ణపట్నం చుట్టూ ఉన్న నూనె శుద్ధి ఫ్యాక్టరీలు రాయితీ కోసమే వచ్చాయంటే నేను నమ్మను. పామాయిల్ ఓడలో వస్తుంది, ఓడ దిగే చోట ఫ్యాక్టరీ పెట్టక సముద్రానికి దూరంగా ఉన్న ఆత్మకూరులో పెడతారా? థర్మల్ ప్లాంట్లకైనా అంతే, బొగ్గు ఓడలో వస్తుంది, సముద్రం పక్కనే ఉంది. టిమోతీ బార్టిక్ అనే అమెరికా పరిశోధకుడు ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి తేల్చిందేమంటే, రాయితీ పొందిన కంపెనీల్లో దానివల్లే అక్కడికి వచ్చినవి 2 నుంచి 25 శాతం వరకు ఉంటాయని. అంటే ఎంత తక్కువ చూసినా నూటికి డెబ్బై ఐదు ఎట్లాగూ వచ్చేవే.

మరి ఆ డబ్బు ఎవరికి పోయింది? కొంత కంపెనీకి. మిగిలిందాంట్లో పెద్ద ముక్క నేలకి. పోర్టు 2008లో మొదలైన దగ్గర్నుంచి ఆ రోడ్డు వెంట అంకణం (మా వైపు స్థలం కొలత) రేటు ఎట్లా పెరిగిందో నెల్లూరులో ఏ బ్రోకర్ని అడిగినా గంట చెబుతాడు. స్థలం ఉన్న చిన్నాయన బాగుపడ్డాడు. అదే వీధిలో అద్దెకుండే చాకలి కుటుంబం అద్దె కట్టలేక ఊరి చివరికి పోయింది. వాళ్లకి ఫ్యాక్టరీ ఉద్యోగం రాలేదు, అద్దె పెంపు మాత్రం వచ్చింది.

స్థానికులకే 75 శాతం ఇవ్వాలని 2019లో మన రాష్ట్రం చట్టం చేసింది కదా అంటారు. చేసింది. హర్యానా కూడా అట్లాంటిదే చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టు సంగతి పక్కన పెట్టండి, లోకల్ కుర్రాళ్లని ఎందుకు తీసుకోరని నేను ఒక కాంట్రాక్టరునే అడిగాను. "లోకలోళ్లు పెళ్లికీ తిరునాళ్లకీ సెలవడుగుతారన్నా, ఒక మాటంటే ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తారు. వాళ్లయితే గదిలోనే ఉంటారు, ఫోన్ చేస్తే రాత్రి రెండింటికైనా వస్తారు" అన్నాడు. దీనికి చట్టంలో మందు లేదు. ఇవ్వాలనుకున్న రాయితీని మిషను మీద కాకుండా, ఏడాదికి పైగా పనిలేకుండా ఉన్న లోకల్ మనిషిని తీసుకుని పని నేర్పి ఏడాది నిలబెట్టుకుంటే అతని జీతంలో భాగంగా ఇస్తే కొంత ఫలితం ఉంటుందని నా ఉద్దేశం. అప్పుడు కూడా పాట్నా నుంచి రైలు ఆగదు, ఆగాలని నేను కోరుకోను కూడా. ఆ కుర్రాళ్ల ఇళ్లలోనూ మా చిన్నాయన లాంటి తండ్రులు ఉంటారు.

బయల్దేరేటప్పుడు చిన్నాయన మేడ మీద ఇంకో నాలుగు గదులు వేస్తానని టేపు పట్టుకుని కొలుస్తున్నాడు, రెండో కొస తమ్ముడు పట్టుకున్నాడు. అద్దెల పుస్తకం కూడా ఇప్పుడు వాడే రాస్తున్నాడంట. ఆ కుర్రాళ్లతో మాట్లాడి మాట్లాడి హిందీ బాగా వచ్చేసింది. నాలుగో గదిలో ఉండే బీహార్ ఫోర్‌మన్ తన కాంట్రాక్టరుతో వీడి గురించి ఒక మాట చెబుతానన్నాడంట.