అడ్డసరం పెంపకం: రెండో ఏటి నమోదు

గత ఏడాది ఆషాఢంలో పెరటి దడి వెంట అడ్డసరం కొమ్మలు నాటినప్పుడు నాకు కావలసింది మేకలు తినని కంచె మాత్రమే. తమిళంలో దీనికున్న ఆడాతోడై అనే పేరుకు మేక ముట్టనిదని అర్థం చెబుతారు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయనామంలోనూ ఆ మాటే అధటోడ అనే రూపంలో నిలిచిపోయింది. మా పక్కింటి మేకలు రెండు పూటలు వాసన చూసి, మూడో పూట నుంచి అటువైపే రావడం మానేశాయి.

పెన్సిలు మందాన ముదిరిన కొమ్మలను జానెడు పొడవున కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్లు ఇరవై నాటాను. పల్లపు చోట నీరు నిలిచి ఎనిమిది కుళ్లిపోయాయి. వాటి బదులు సగం ఇసుక కలిపిన మట్టితో కవర్లు నింపి మళ్లీ కొమ్మలు గుచ్చాను. మూడు వారాలకు చిగురు కనిపించగానే వేరు పట్టిందనుకుని ఒకదానిని లాగి చూస్తే అడుగున ఒక్క వేరు కూడా లేదు. కొమ్మలో మిగిలిన సత్తువతోనే ఆకు వేసింది. అందువల్ల చిగురు వచ్చాక మరో నెల ఆగి గాని కవరు నుంచి మార్చకూడదని రాసి పెట్టుకున్నాను.

పుష్యమాసంలో తొలి పూత వచ్చింది. తెల్లని పువ్వు కింది పెదవి మీద ఊదా గీతలుంటాయి. నోరు తెరిచిన సింహంలా ఉంటుందనే సంస్కృతంలో సింహాస్యమన్నారు. నల్ల తుమ్మెద ఆ పెదవి మీద వాలితే పువ్వు మొత్తం కిందికి వంగుతుంది, పై పెదవి కింది పుప్పొడి దాని వీపుకు అంటుకుంటుంది.

ఆయుర్వేదంలో వాసా అని పిలిచే ఈ మొక్క ఆకును దగ్గుకు, ఉబ్బసానికి, రక్తం పడే రోగాలకు వాడుతూ వచ్చారు. వాసావలేహ్యం, వాసారిష్టం అనే మందులు దీనితో చేసేవే. ఆకులోని వాసిసిన్ అనే క్షారాభం (ఆల్కలాయిడ్) ఆధారంగానే, కఫాన్ని పలుచబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందును తయారు చేశారు. అదే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది గనుక గర్భిణులు ఈ ఆకును ముట్టకూడదు. మిగిలినవారైనా వైద్యుణ్ణి అడిగి వాడుకోవడమే మంచిది.

ఈ ఏడాది నా శ్రమంతా రసం దగ్గరే. పచ్చి ఆకును రోట్లో ఎంత నూరినా బంకగా ముద్ద కడుతుందే గాని రసం కారదు. పావుకిలో ఆకు గుడ్డలో పిండితే నాలుగు చెంచాలు రాలేదు. శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన పుటపాకం ఇందుకేనని అప్పుడు అర్థమైంది. నూరిన ముద్దను నేరేడు ఆకుల్లో చుట్టి, దారంతో కట్టి, పైన మట్టి మెత్తి, నిప్పుల్లో పెట్టాలి. మొదటిసారి నేను పలుచగా మెత్తినందువల్ల మట్టి బీటలు వారి, లోపల ఆకు మాడి, ఇల్లంతా కాలిన టీపొడి వాసన వేసింది. గ్రంథంలో రెండు అంగుళాల మందమని స్పష్టంగానే ఉంది. అవి వేలి వెడల్పును బట్టి కొలిచే అంగుళాలు. రెండోసారి రెండు వేళ్ల మందాన మెత్తి, మట్టి ఎర్రబడేదాకా కాల్చి, పగలగొట్టి, వేడి తగ్గాక పిండితే అదే పావుకిలోకు దాదాపు 60 మిల్లీలీటర్ల రసం దిగింది. దాన్ని తేనెతో ఇవ్వడం సంప్రదాయం. చేదు మాత్రం తేనెకు కూడా లొంగేది కాదు.

నిలవకు కిలో ఆకును నీడన ఆరబెట్టాను. రోజూ తిరగవేస్తే ఆరు రోజులకు 230 గ్రాములైంది. ఎండలో పెట్టిన గుప్పెడు గోధుమరంగుకు తిరిగింది గనుక పారేశాను. వానలు పడగానే కంచెను నడుము ఎత్తుకు కత్తిరించి, పల్లపు చోట మట్టితో కట్ట పోసి, ఆ కొమ్మలతోనే ఖాళీలు పూడ్చాలి.