రెండు మిల్లీమీటర్ల ఉద్యోగం

జర్మనీలో నేనేం చేస్తానని మన ఊళ్ళో ఎవరడిగినా "పిల్లల మెదడు స్కాన్లు కొలుస్తాను" అంటాను. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే, అయితే మావాడి తెలివి ఎంతో చెప్పేస్తావా అని. చెప్పలేను. ఒక్క పిల్లాడి స్కాన్ చూసి ఎవరూ చెప్పలేరు, చెప్తామని డబ్బులు అడిగేవాళ్ళని దయచేసి నమ్మకండి. మేం కొలిచేది మెదడు పైపొర మందం, వైశాల్యం, అవి వయసుతో మారే తీరు. అదీ చాలామంది పిల్లల్ని కలిపి చూస్తేనే ఏదైనా అర్థమవుతుంది.

నా వంతు చూపుకి సంబంధించిన భాగం. తల వెనక వైపు ఉంటుంది, జర్మన్ శాస్త్రవేత్త కోర్బినియన్ బ్రాడ్‌మన్ 1909లో వేసిన మెదడు పటంలో 17వ నంబరు ఇచ్చిన చోటు. అక్కడ పైపొర మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. మా ఎమ్మారైలో ఒక్కో చుక్క 1 మిల్లీమీటర్, అంటే మొత్తం మందం రెండు చుక్కలకి కాస్త అటూ ఇటూ. సాఫ్ట్‌వేర్ లోపల ఒక గీత, బయట ఒక గీత గీసి మధ్య దూరం చెప్తుంది. ఒక్కోసారి మెదడుని కప్పి ఉండే రక్షణ పొరని కూడా మెదడులో భాగంగానే లెక్కేస్తుంది కాబట్టి, స్కాన్ అంతా ఒక్కో ముక్క తిప్పుతూ కళ్ళతో చూడాల్సిందే, ఇందులో షార్ట్‌కట్ లేదు.

అసలు టెన్షన్ కదలిక గురించి. స్కాన్ జరిగే ఆ ఐదారు నిమిషాల్లో తల కొంచెం కదిలినా పైపొర ఉన్నదానికన్నా పల్చగా కనిపిస్తుంది. చిన్నపిల్లలే ఎక్కువ కదులుతారు, పెద్దయ్యేకొద్దీ పైపొర పల్చబడడమేమో నిజంగా జరిగే ఎదుగుదల. ఈ రెండూ కలిసిపోతే మనం కొలిచింది ఎదుగుదలనో అల్లరినో తెలీదు. అందుకే సగం పని స్కాన్‌కి ముందే అయిపోవాలి. ఉత్తుత్తి మెషిన్‌లో పడుకోబెట్టి ఆ దబదబ శబ్దాలు వినిపిస్తాం, అద్దంలో కార్టూన్ పెడతాం, తలకి రెండు పక్కలా దిండ్లు సర్దుతాం. ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే, అమ్మానాన్నలు సంతకం పెట్టినా సరే, పిల్లాడు వద్దంటే అక్కడితో ఆపేస్తాం, "ఏం కాదు, పడుకో" అని ఎవరూ బలవంతం చేయరు. నేను పెరిగిన చోట ఇలా పిల్లల్ని అడిగిన డాక్టర్ని నేను చూడలేదు.

ఒకసారి ఇక్కడి తెలుగు కుటుంబం తమ బాబుని తీసుకొచ్చింది. స్కాన్‌కి ముందు ఒంటి మీద నుంచి తీసేయాల్సిన లోహాల లిస్టులో హెయిర్‌పిన్, జిప్పు, బెల్టు అన్నీ ఉన్నాయి. వాళ్ళమ్మని పక్కకి పిలిచి "మొలతాడుకి వెండి బిళ్ళ ఏమైనా ఉందా? తాయెత్తు?" అని అడిగాను. "అయ్యో అక్కా, రెండూ ఉన్నాయి" అంది. ఆ వారమే ఆ రెంటితో పాటు మెట్టెలు, మంగళసూత్రం కూడా లిస్టులో చేర్పించాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే పరిశోధన మాత్రం మన హైదరాబాద్‌దే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రితో కలిసి హాంబర్గ్ యూనివర్సిటీలో బ్రిగిట్టే రోడర్ బృందం ఏళ్ళ తరబడి చేస్తున్న పని. పుట్టుకతోనే రెండు కళ్ళకీ శుక్లాలుండి, ఆలస్యంగా ఆపరేషన్ అయినవాళ్ళ మెదడుని కొలిచారు. ఆపరేషన్ తర్వాత కూడా చూపు ప్రాంతం వైశాల్యం తక్కువగా, మందం ఎక్కువగా ఉంది, పుట్టు అంధుల్లో ఉన్నట్టే. మందం ఎక్కువంటే మంచిదే కదా అనుకుంటాం, కాదు. పసిపిల్లల్లో ఈ ప్రాంతంలో నరాల కణాల మధ్య కనెక్షన్లు విపరీతంగా పెరిగి, దాదాపు 8 నెలలకి పతాక స్థాయికి వెళ్ళి, ఆ తర్వాత అక్కర్లేనివి తగ్గుతూ వస్తాయి. ఆ కత్తిరింపు సరిగ్గా జరగాలంటే కళ్ళ నుంచి వెలుగు, ఆకారాలు అందుతుండాలి. అందని చోట పొర పల్చబడకుండా మిగిలిపోతుందని పరిశోధకులు అనుకుంటున్నారు.

ఈ ఫలితం చదివి కొందరు తీసే అర్థం నాకు కోపం తెప్పిస్తుంది. ఆమధ్య మా పిన్ని ఫోన్ చేసి, "మా పక్కింటి పాపకి ఆరేళ్ళు దాటాయి, ఇప్పుడు ఆపరేషన్ చేయించినా దండగేనంట కదమ్మా?" అంది. దండగ కాదు పిన్నీ అని గట్టిగా చెప్పాను. పైపొర కొలత మామూలు స్థితికి రాకపోవడం వేరు, చూపు రాకపోవడం వేరు. పుట్టుకతో చూపు లేని పిల్లలకి చికిత్స చేయించడానికి శాస్త్రవేత్త పవన్ సిన్హా ఢిల్లీలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో ఎనిమిదేళ్ళు దాటాక ఆపరేషన్ అయిన పిల్లలకి కూడా చూపు మెరుగైంది. అక్షరాల చార్టులో అందరితో సమానంగా రాకపోవచ్చు, కళ్ళు అటూ ఇటూ ఊగడం ఆగకపోవచ్చు, కానీ ఎదురుగా ఉన్న మనిషిని, రంగుని, వచ్చే బండిని చూడగలగడం ఆ పాపకి చిన్న విషయమా?

ఆలస్యం మాత్రం నిజంగా ఖరీదైనదే. రెండు కళ్ళలో దట్టమైన శుక్లాలుంటే మొదటి 6 నుంచి 8 వారాల్లోపే తీసేయడం మేలంటారు డాక్టర్లు. ఇంట్లో పసిబిడ్డ కంటిపాపలో తెల్లగా కనిపించినా, ఫోటోలో ఒక కన్ను ఎర్రగా ఒకటి తెల్లగా పడినా, పెద్దయ్యాక చూద్దాంలే అనకుండా ఆ వారమే పిల్లల కంటి డాక్టర్‌కి చూపించండి. మా పిన్నికీ అదే చెప్పాను, ఆ పాప తమ్ముడికి మూడు నెలలంట, వాణ్ణి కూడా తీసుకెళ్ళమన్నాను.