ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి

ఒమన్‌లో నా పని కంపెనీ బళ్లకు వైర్‌లెస్ సెట్లు బిగించడం. ఫహూద్ దాటి ఎడారి లోపలికి వెళ్లే హైలక్స్‌లకు చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. బండి ఇసుకలో కూరుకుపోతే డ్రైవరుకు ఆ మైకే దిక్కు. ఆ డ్రైవర్లలో మన శ్రీకాకుళం కుర్రాళ్లూ ఉన్నారు. ప్రతి స్క్రూ వాళ్లని తలుచుకునే బిగిస్తాను.

సెలవుకి విశాఖ వచ్చాను. గాజువాక ఆటోనగర్‌లో మా బావమరిదికి ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. అరకు ఘాట్‌లో పనులు చేయించే కాంట్రాక్టరు ఒకాయన బొలెరోకి సెట్టు పెట్టమని వచ్చాడు. మన దేశంలో ఇలాంటి వీహెచ్‌ఎఫ్ (ఒక రకం రేడియో తరంగాల) సెట్టు వాడాలంటే కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఉండాలి. ఆ కాగితాలు చూశాకే పనిలోకి దిగాం.

మావాడు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు లాగబోయాడు. వద్దన్నాను.

"ఏటి బావా, ఎక్కణ్నుంచి తీసినా పన్నెండు వోల్టులే కదా?"

వోల్టులు అవే. కానీ 25 వాట్ల సెట్టు వింటున్నప్పుడు ఒక ఆంపియరు కూడా తినదు, మైకు బటన్ నొక్కితే మాత్రం 6 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరైతే అక్కడే వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ గోల కూడా మాటలో కలుస్తుంది. అందుకే బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేయించాను. ఫ్యూజు సెట్టు దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలో ఉండాలి. ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే కన్నం దగ్గర రేకు అంచు ఒరిసి వైరు తొడుగు తెగిందనుకోండి, ఫ్యూజు అవతలెక్కడో ఉంటే ఆ షార్టుని ఆపేది ఏదీ ఉండదు. బండి అంటుకుంటుంది. కన్నంలో రబ్బరు బుష్ కూడా పెట్టించాను.

ఎక్కువసేపు పట్టింది ఏంటెనాకే. 150 మెగాహెర్ట్‌జ్‌కి కడ్డీ అర మీటరు. కింద ఉన్న టాపు రేకు కూడా ఏంటెనాలో భాగమే, అందుకే నడిమధ్యలో పెడితే అన్ని వైపులా బాగా అందుతుంది. కొత్త బండి టాపుకి కన్నమంటే కాంట్రాక్టరు ప్రాణం ఒప్పుకోలేదు, బంపరు మీద పెట్టమన్నాడు. వీహెచ్‌ఎఫ్‌కి కొండే పెద్ద అడ్డు, ఘాట్‌లో అసలే మలుపు మలుపుకీ కొండ, ఉన్న బలం కూడా బంపరు దగ్గర పోగొట్టుకోవద్దని నచ్చజెప్పాను.

ఏంటెనా అడుగు రేకుకి నేరుగా తగలాలని కన్నం చుట్టూ లోపలివైపు రంగు గీకి, రేకు మెరిసేదాకా రుద్దాం. ఇక్కడి సముద్రపు గాలికి రాగి మీద పచ్చటి చిలుము పట్టేస్తుంది కాబట్టి కనెక్టరుకి రబ్బరు టేపు గట్టిగా చుట్టాం. ఏంటెనా నుంచి బలం ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు 1.5 లోపే చూపించింది, అంటే బాగా కుదిరినట్టే.

ఆ మీటరు మావాడికే ఇచ్చేశాను, మస్కట్‌లో కంపెనీది ఉంది. తర్వాతి బండికి లైటర్ సాకెట్ జోలికి వెళ్లనని మాట కూడా తీసుకున్నాను.