మా ఋణస్థులు

డాలస్‌కు వచ్చి పద్నాలుగేళ్లయినా, రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన చేసుకునే అలవాటును మేము వదులుకోలేదు; పిల్లల ఆటలు, హోంవర్కుల వల్ల ఒకటి రెండు రోజులు తప్పిపోతుంటుంది, అంతే. పరలోక ప్రార్థనను పిల్లలు ఆదివారం వెళ్లే మెథడిస్టు చర్చిలో ఇంగ్లీషులోనూ, ఇంట్లో తెలుగులోనూ నేర్చుకున్నారు. కంఠతా పట్టిస్తే నా బాధ్యత తీరిపోయినట్లేనని నేను చాలాకాలం అనుకున్నాను.

పదకొండేళ్ల మా అబ్బాయికి ఒక రాత్రి అనుమానం వచ్చింది. చర్చిలో ‘ట్రెస్పాసెస్’ (అపరాధాలు) క్షమించమని అడుగుతున్నప్పుడు, ఇంట్లో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అని ఎందుకంటున్నామని అడిగాడు. వాడికి తెలిసిన ట్రెస్పాసింగ్ అంతా కంచెలకు తగిలించిన హెచ్చరిక బోర్డుల్లోనిదే కనుక, ఎవరి పచ్చికనో తొక్కినందుకు దేవుణ్ణి క్షమించమంటున్నామని ఇన్నాళ్లూ అనుకున్నాడట. నవ్వాపుకుని, మత్తయి సువార్త గ్రీకు మూలంలో ఉన్నది అప్పు అనే మాటేనని, ఇక్కడ మన తెలుగే మూలానికి దగ్గరగా ఉందని చెప్పాను.

అయితే అప్పంటే ఏమిటో చెప్పడం అంత తేలిక కాలేదు. ఇక్కడి పిల్లలకు అప్పంటే నెలనెలా బ్యాంకు తనంతట తాను కోసుకునే ఇంటి లోను, కారు లోను. మాది ఒంగోలు ప్రాంతం. 1876–78 నాటి కరువు వెంటనే, 1878 జూలై 3న, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగ కూలీలు. అప్పు అనే మాట బరువెంతో వారికి ఎవరూ వివరించనక్కరలేదు. మా తాతయ్య తన తండ్రి చేసిన అప్పు కింద చిన్నతనంలోనే ఒక రైతు దగ్గర పాలేరుగా కుదిరి, పెళ్లయిన తర్వాత గాని బయటపడలేదు. ప్రార్థనలో ఆ వాక్యం వచ్చినప్పుడల్లా ఆయన గొంతు తగ్గిపోయేదని, చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదని మా అబ్బాయికి చెప్పాను.

వాడు కాసేపు ఆలోచించి, తరగతిలో ఒక స్నేహితుడు తనకు ఇరవై డాలర్లు ఇవ్వాలని, ఇక వాడిని అడగనని అన్నాడు. నేను సంతోషించేలోపే, “మరి మామయ్య?” అన్నాడు.

ఇల్లు కట్టుకునేటప్పుడు మా అన్నయ్య నా దగ్గర నాలుగు లక్షలు తీసుకున్నాడు. తిరిగివ్వలేదన్న కోపంతో రెండేళ్లుగా క్రిస్మస్‌కు తప్ప నేను ఫోన్ చేయడం లేదు. భోజనాల దగ్గర నేను సణిగిన ప్రతి మాటా వీడు విన్నాడు. పెద్దల విషయాలు నీకెందుకని కసరబోయాను గాని, బైబిలు ఇంకా ఒడిలోనే తెరిచి ఉండడంతో నోరు రాలేదు.

ఆ శనివారం అన్నయ్యకు ఫోన్ చేశాను. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, ఒంగోలు ఎండల గురించి అరగంట మాట్లాడుకున్నాం. డబ్బు ప్రస్తావన ఆయనా తేలేదు, నేనూ తేలేదు. మాఫీ చేశానని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. ఆ లెక్క నా డైరీలో అలాగే ఉంది. ఇప్పుడు రాత్రి ప్రార్థనలో ఆ వాక్యం దగ్గరికి రాగానే, మా అబ్బాయి ఒక కన్ను తెరిచి నా వైపు చూస్తున్నాడు.