ఆవకాయ సీజన్ లాగ్: కొనేవాళ్లకు ఏం చెప్పాలి, కలిపేవాళ్లకు ఏం చెప్పాలి

మార్చి చివరి వారం

పచ్చళ్లకని వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టడంతో పని మొదలు. పాత ఖాతాదారులంతా బ్రాడ్‌కాస్ట్ లిస్టులోకి (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే జాబితా) ఎక్కారు. ఒక లిస్టులో 256 మంది పడతారు. అయితే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్లకు పంపినట్టే ఉంటుంది గానీ వెళ్లదు. అందుకే డబ్బా లేబుల్ మీద నంబరు పక్కనే "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని అచ్చు వేయించాం. కొనేవాళ్లకు గ్రూపు మాత్రం వద్దు. అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, గుడ్ మార్నింగ్‌ల కింద ధరల మెసేజ్ మునిగిపోతుంది.

ఏప్రిల్ రెండో వారం

సాయానికి వచ్చేవాళ్లకు విడిగా ఒక గ్రూపు. రాత్రి ఎనిమిదింటికల్లా మర్నాటి పని అందులో ఉండాలి. ఇందులో తీసేయాల్సిన మొదటి మాట "గిన్నె". గిన్నెడు కల్లుప్పు కంటే గిన్నెడు మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది. ఒకరు కల్లుప్పు, ఒకరు మెత్తటిది కొలిస్తే రెండు జాడీలు రెండు రుచులు. ఉప్పు చాలని జాడీకి బూజు పడుతుంది. ఇప్పుడు మెసేజ్ ఇలా వెళ్తోంది:

"బ్యాచ్ 3. ముక్కలు 10 కిలోలు, తుడిచి ఆరినవి. కారం 2 కిలోలు, ఆవపిండి 2 కిలోలు, ఉప్పు 2 కిలోలు, నువ్వుల నూనె 5 లీటర్లు. నూనె తప్ప అన్నీ కాటా మీదే."

చదవడం రానివాళ్లకు ఇదే వాయిస్ మెసేజ్‌గా. అరనిమిషం దాటకూడదు, ఒక వాయిస్‌లో ఒక్క పనే చెప్పాలి. కాయలూ నూనే డబ్బాలూ ఒకే గుక్కలో చెబితే చివరిది మాత్రమే గుర్తుంటుంది.

ఏప్రిల్ మూడో వారం

సీజన్ మొత్తంలో ఎక్కువమంది అడిగే ప్రశ్న "నూనె తేలలేదేంటి?" అడిగాక జవాబివ్వడం కంటే డబ్బా బయల్దేరిన రోజే చెప్పడం మేలు. స్లాష్ నొక్కగానే వచ్చే క్విక్ రిప్లైగా దీన్ని దాచుకుని, తేదీలు మార్చి పంపుతున్నాం:

"మీ డబ్బా బ్యాచ్ 3. కలిపింది ఏప్రిల్ 18, తిరగకలిపింది 20. ముక్క మునిగేలా నూనె ఉండాలి. తగ్గితే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లారాక పోసుకోండి. తడి గరిటె పెట్టొద్దు."

"రెండ్రోజుల్లో పంపుతాం" అని రాయొద్దు, తేదీ వేయాలి. మెసేజ్‌ను మూడోనాడు తెరిచినవాళ్లు అక్కణ్నుంచి రెండ్రోజులు లెక్కేసుకుంటారు. ధర బొమ్మ మీద కూడా "ఈ ధర మే 10 దాకా" అని ఉండాల్సిందే. ఫార్వర్డ్ అయిన బొమ్మను వెనక్కి తెచ్చుకోలేం. రాసిన మెసేజ్‌లో తప్పు దొర్లితే 15 నిమిషాల్లోపు దిద్దొచ్చు. అది దాటితే పైన "సవరణ" అని పెట్టి కొత్తగా పంపడమే.

మే రెండో వారం

కొరియర్‌లో నూనె కారిందన్న ఫిర్యాదులు ఈ వారమే ఎక్కువ. వెంటనే అడగాల్సినవి రెండే ఫొటోలు: మూత ఒకటి, బ్యాచ్ నంబరు కనిపించేలా లేబుల్ ఒకటి. నంబరు తెలిస్తే ఆ రోజు డబ్బాలు నింపింది ఎలాగో పట్టుకోవచ్చు. కారణాలు మామూలే. అంచుదాకా నింపితే ఎండకు వేడెక్కి నూనె పొంగుతుంది. మూత మరల (తిప్పి బిగించే గాళ్ల) మీద నూనె అంటితే బిగువు నిలవదు.

"కాస్త ఖాళీ ఉంచండి" అని రాస్తే తలా ఒక రకంగా ఉంచారు. దాంతో ఒక డబ్బా మీద మెడకు వేలెడు కింద మార్కరుతో గీత గీసి, ఆ ఫొటోను సిబ్బంది గ్రూపులో 30 రోజులకు పిన్ చేశాం. దాని కింద ఒకటే వాక్యం: "గీత దాకా నింపి, మరలను పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు మూత." రాతకంటే ఈ ఫొటోనే బాగా పనిచేస్తోంది.

ఫిర్యాదు చేసినవాళ్లకు కూడా ఏం మార్చామో రాయాలి. డబ్బా మార్చి ఇచ్చి ఊరుకుంటే, మళ్లీ కారుతుందేమోనన్న అనుమానం వాళ్లలో అలాగే ఉంటుంది.

మే చివర

మాగాయ మొదలు. ఆవకాయతో కలవకుండా దాని బ్యాచ్‌లు 51 నుంచి వేస్తున్నాం. కొనేవాళ్ల మెసేజ్‌లోనూ, సిబ్బంది గ్రూపులోనూ, లేబుల్ మీదా అదే నంబరు.